దయానిధికి మనం రాసిన చీటీ

బూన్ లేలో మా ఇంటి బల్లమీద రెండు నెలలుగా రెండు పుస్తకాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఎరిక్ కాండెల్ 2012లో వెలువరించిన ‘ది ఏజ్ ఆఫ్ ఇన్‌సైట్’. 1900 ప్రాంతపు వియన్నా నగరంలో వైద్యం, మనస్తత్వశాస్త్రం, చిత్రకళ ఒకదాన్నొకటి ఎలా ప్రభావితం చేసుకున్నాయో చెప్పే పెద్ద గ్రంథం. రెండవది బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’. మొదటిదాన్ని సమీక్షిద్దామనే కూర్చున్నాను. రెండవది అనుకోకుండా వచ్చి చేరింది.

ఒక ఆదివారం జురాంగ్ పాయింట్‌లో మిత్రులతో కాఫీ తాగుతుండగా, ఒకరి కుమారుడు, ఇక్కడే పుట్టి పెరిగి ఈమధ్యనే తెలుగు చదవడం పట్టుదలగా నేర్చుకున్న కుర్రవాడు, “అంకుల్, ఒక మంచి తెలుగు నవల చెప్పండి” అని అడిగాడు. నేను ‘చివరకు మిగిలేది’ పేరు చెప్పాను. నోరు మూసుకునేలోగానే పక్కనున్న పెద్దాయన, “ఓ, అదా! ఈడిపస్ కాంప్లెక్స్ నవల. తల్లి తలపు వదలని కొడుకు కథ” అన్నారు. కుర్రవాడు సరేనన్నట్లు తల ఊపాడు. ఆ తల ఊపడంలో పుస్తకం చదివేసిన తృప్తి కనిపించింది. ఇక వాడు ఆ నవల తెరవడని నాకు అర్థమైంది.

ఆయనను తప్పుపట్టే అర్హత నాకు లేదు. వైద్య కళాశాలలో చదివే రోజుల్లో నేనూ అదే మాట అన్నాను, అదీ ఎంతో గర్వంగా. ఫ్రాయిడ్ పేరు అప్పుడే విన్న కుర్రవాడికి ఒక తెలుగు నవలకు రోగనిర్ధారణ చేయగలగడం చిన్న ఆనందం కాదు. ముప్పై ఏళ్ళు ఆసుపత్రుల్లో గడిపాక, కాండెల్ గ్రంథం చదువుతూ మళ్ళీ దయానిధిని కలుసుకున్నాక, ఆ గర్వం సిగ్గుగా మారింది. ఈ వ్యాసం ఆ సిగ్గు నుంచి పుట్టినదే. ఐరోపా తొలినాటి మనస్తత్వశాస్త్రం కళలకు ఇచ్చిన కానుక జబ్బుల పేర్లు కావు. పొంతన కుదరని మాటను, చేష్టను ఓపికగా గమనించే అలవాటు. మన రచయితల్లో ఉత్తములు ఆ అలవాటును తీసుకున్నారు. మన విమర్శ మాత్రం ఎక్కువగా పేర్లను తీసుకుంది.

కాండెల్ 1929లో వియన్నాలో పుట్టి, 1939లో నాజీల బారినుంచి తప్పించుకుని అమెరికా చేరిన యూదు బాలుడు. జ్ఞాపకశక్తికి మూలమైన నాడీకణాల పనితీరును శోధించి 2000లో నోబెల్ బహుమతి పొందాడు. తనను వెళ్ళగొట్టిన నగరం మీద అంత ప్రేమతో ఇంత పుస్తకం రాయడమే ఒక విశేషం. ఆయన కథను ఫ్రాయిడ్‌తో కాక, శవపరీక్షల గదిలో మొదలుపెడతాడు. కార్ల్ ఫాన్ రోకిటాన్‌స్కీ అనే వైద్యాచార్యుడు సుమారు 30,000 శవపరీక్షలు చేశాడని ప్రసిద్ధి. రోగి బతికుండగా పైకి కనిపించిన లక్షణానికి లోపల ఏ అవయవంలో ఏ మార్పు కారణమో చూడాలి. సత్యం చర్మం కింద ఉంటుంది. ఇదీ ఆయన బోధ. ఆయన వద్ద పనిచేసిన ఎమిల్ జుకర్‌కాండ్ల్ శరీర నిర్మాణశాస్త్రంలో ఆచార్యుడయ్యాడు. జుకర్‌కాండ్ల్ భార్య బెర్తా ఇంట్లో రచయితలు, వైద్యులు, చిత్రకారులు కలుసుకునేవారు. అక్కడికి వచ్చే గుస్తావ్ క్లిమ్ట్‌కు సూక్ష్మదర్శిని కింద జీవకణాలను చూపించింది ఈ పరిచయమే. క్లిమ్ట్ బొమ్మల్లో స్త్రీల వస్త్రాల మీద బంగారు అలంకారాల నడుమ కనిపించే గుండ్రని, కోలని రూపాలు ఆ కణాలేనని కాండెల్ వాదన.

నన్ను ఎక్కువసేపు ఆపింది క్లిమ్ట్ వేసిన ‘వైద్యం’ అనే చిత్రం కథ. వియన్నా విశ్వవిద్యాలయం సభామందిరం పైకప్పు కోసం ఆ చిత్రం వేయించుకున్నారు. 1901లో దాన్ని ప్రదర్శించినప్పుడు పెద్ద దుమారం రేగింది. చిత్రంలో నగ్నదేహాల ప్రవాహం ఉంది. గర్భిణి, శిశువు, వృద్ధులు, వారి నడుమ మృత్యువు. ముందుభాగంలో ఆరోగ్యదేవత హైజియా నిలబడి ఉంది, బాధితుల వైపు వీపు తిప్పి. రోగాన్ని నయం చేయడం, రాకుండా నివారించడం అనే వైద్యుల రెండు ఘనకార్యాల జాడ చిత్రంలో ఎక్కడా లేదని వైద్యులకు కోపం వచ్చింది. చివరకు క్లిమ్ట్ డబ్బు తిరిగి ఇచ్చేసి తన చిత్రాలను వెనక్కు తీసుకున్నాడు. 1945లో యుద్ధం ముగిసే రోజుల్లో అవి దాచిన కోటకు నిప్పంటుకుని కాలిపోయాయి. ఇప్పుడు మిగిలినవి ఫొటోలే. ఆ ఫొటోలో హైజియా ముఖం చూసినప్పుడల్లా, ఇరవైమంది రోగులు వేచి ఉన్న రాత్రి కంప్యూటర్ తెర వైపే చూస్తూ వెనకనున్న మనిషితో మాట్లాడే నా ముఖం గుర్తొస్తుంది.

చూడడానికీ వినడానికీ ఉన్న తేడా తెలియాలంటే వియన్నా నుంచి పారిస్ వెళ్ళాలి. అక్కడి సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో జాఁ మార్తాఁ షార్కో హిస్టీరియా రోగులను సభలో నిలబెట్టి పాఠం చెప్పేవాడు, వారి భంగిమలను ఫొటోలు తీయించేవాడు. ఆ దృశ్యాన్ని ఆంద్రే బ్రూయే 1887లో పెద్ద చిత్రంగా వేశాడు. సొమ్మసిల్లుతున్న ఒక స్త్రీ, ఆమెను పట్టుకున్న సహాయకుడు, చుట్టూ కళ్ళప్పగించి చూస్తున్న పురుషులు. ఆమెను అందరూ చూస్తున్నారు. ఆమె ఏమంటున్నదో ఎవరూ వినడం లేదు. 1885 అక్టోబరులో అక్కడికి చదువుకోవడానికి వెళ్ళిన యువకుడు ఫ్రాయిడ్ ఆ చిత్రం అచ్చుప్రతిని తర్వాత తన గదిలో తగిలించుకున్నాడు. కానీ ఆ గదిలో ఆయన చేసిన పని గురువుగారి పనికి భిన్నమైనది. రోగిని పడుకోబెట్టి, తాను కనబడకుండా తలవైపు కూర్చుని, విన్నాడు.

వినడం మొదలుపెట్టాక ఆయనకు ఒక ఇబ్బంది ఎదురైంది. జోసెఫ్ బ్రాయర్‌తో కలిసి 1895లో ప్రచురించిన హిస్టీరియా గ్రంథంలో, తాను రాసిన రోగుల చరిత్రలు చిన్న కథల్లా చదివిస్తున్నాయని, శాస్త్రానికి ఉండవలసిన గంభీరత వాటికి లోపించినట్లుందని ఫ్రాయిడ్ కాస్త సంకోచంగానే ఒప్పుకున్నాడు. తప్పు తనది కాదని, విషయమే అలాంటిదని సమాధానపడ్డాడు. మనస్సును గురించి నిజం చెప్పబోతే అది కథ రూపమే ధరిస్తుందని ఒక నాడీవైద్యుడు కనుక్కున్న సందర్భం అది. ఆ మాటకొస్తే ఈడిపస్ ఏ ప్రయోగశాలలోనూ దొరకలేదు. సోఫోక్లిస్ నాటకం నుంచి వచ్చాడు. సాహిత్యం అప్పిచ్చిన పాత్రను శాస్త్రం ముద్రగా మార్చి మళ్ళీ సాహిత్యానికే అంటించడం విచిత్రమైన బాకీ తీర్చడం.

ఇదే ఫ్రాయిడ్ చరిత్రలో మరో మలుపును మనం మరచిపోకూడదు. 1896లో ఆయన హిస్టీరియాకు మూలం బాల్యంలో పెద్దలు చేసిన లైంగిక దౌర్జన్యమని ప్రకటించాడు. 1897 సెప్టెంబరులో, ఆ సిద్ధాంతాన్ని ఇక నమ్మడం లేదని మిత్రుడు ఫ్లీస్‌కు ఉత్తరం రాశాడు. ఆ తర్వాతే శిశువు అంతరంగంలోని కోరిక, ఊహ ప్రధానమయ్యాయి. ఈ మార్పు మంచిదా చెడ్డదా అన్న వాదం నేటికీ తెగలేదు. ఒక్కటి మాత్రం స్పష్టం: బయటివాళ్ళు చేసినదాని మీద ఉన్న దృష్టి బాధపడేవాడి లోపలికి మళ్ళింది. దయానిధి దగ్గరకు వచ్చినప్పుడు ఈ మాట మనకు పనికొస్తుంది.

చిత్రకారులు, కవులు ఈ శాస్త్రం నుంచి తీసుకున్నదేమిటి? అధివాస్తవికోద్యమ నాయకుడు ఆంద్రే బ్రెటన్ వైద్య విద్యార్థి. మొదటి ప్రపంచయుద్ధంలో 1916లో మనోవైద్య కేంద్రంలో పనిచేస్తూ, మతి చలించిన సైనికుల మాటల్లో కవిత్వం విన్నాడు. 1921లో వియన్నా వెళ్ళి ఫ్రాయిడ్‌ను కలిసి నిరాశతో తిరిగొచ్చాడు. ఫ్రాయిడ్‌కు ఈ కళాకారుల మీద పెద్ద గౌరవం ఉండేది కాదు; 1938లో లండన్‌లో డాలీని చూశాకగాని ఆయన అభిప్రాయం కొంత మెత్తబడలేదు. వైద్యుడు పనికిరాదని పక్కకు నెట్టిన పలవరింతను ఈ కళాకారులు విలువైన పలుకుగా గ్రహించారు. ఆ ప్రభావంలోని సారం అదేనని నా నమ్మకం.

దీనికి కాండెల్ పుస్తకంలో కన్నా మంచి ఉదాహరణ హాన్స్ ప్రింజ్‌హార్న్. కళాచరిత్ర చదివి, తర్వాత వైద్యుడైన ఆయన హైడెల్‌బర్గ్ ఆసుపత్రిలో ఉంటూ వివిధ మానసిక చికిత్సాలయాల్లోని రోగులు గీసిన వేలాది బొమ్మలను సేకరించి, 1922లో గ్రంథం వెలువరించాడు. మాక్స్ ఎర్న్‌స్ట్ ఆ గ్రంథాన్ని పారిస్ మిత్రులకు తీసుకువెళ్ళాడు. పాల్ క్లే దాన్ని మెచ్చుకున్నాడు. ప్రింజ్‌హార్న్ గొప్పతనం ఒక నిరాకరణలో ఉంది. బొమ్మలోని లక్షణాలు చూసి ఇది పిచ్చివాడు గీసింది అని తేల్చడం కుదరదని ఆయన స్పష్టంగా చెప్పాడు. పదిహేనేళ్ళు గడిచాక నాజీలు సరిగ్గా ఆ పనే చేశారు. 1937లో మ్యూనిక్‌లో మొదలుపెట్టిన ‘పతిత కళ’ ప్రదర్శన ఊరూరా తిరిగినప్పుడు, ఆధునిక చిత్రాల పక్కన ఈ రోగుల బొమ్మలు వేలాడదీసి, రెండూ ఒకటే జబ్బు అని జనాన్ని నవ్వించారు. ప్రింజ్‌హార్న్ తన గ్రంథంలో మహా కళాకారుడిగా నిలబెట్టిన ఫ్రాంజ్ కార్ల్ బ్యూలర్, 1893 షికాగో ప్రదర్శనలో బహుమతి పొందిన ఇనుప కళాకారుడు. మానసిక రోగి అన్న ముద్ర కారణంగా 1940లో గ్రాఫెనెక్‌లో ఆయనను చంపేశారు. ఆ పత్రాల మీద సంతకాలు చేసినవాళ్ళలో వైద్యులున్నారు. ఒక పేరు ఎంతదూరం వెళ్ళగలదో తెలుసుకోవడానికి నా వృత్తిలోని ప్రతివాడూ చదవవలసిన చరిత్ర ఇది.

ఇక మన ఇంటికి వద్దాం. ఈ గాలి తెలుగునేలను ఆలస్యంగా తాకలేదు. శ్రీరంగం నారాయణబాబు అధివాస్తవిక కవిత రాశారు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు తనను తానే తినేసుకునే తీరును చూపించారు. రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య పిరికితనాన్ని వాడి ఆలోచనల వరుసలోనే నడిపించారు. 1969లో నవీన్ ‘అంపశయ్య’ ఉస్మానియా విద్యార్థి ఒకరి పదహారు గంటల మనోప్రవాహాన్ని నవల చేసింది. వీటన్నిటికీ మన విమర్శకులు చీటీలు సిద్ధంగా ఉంచారు: ఒకరికి ఆత్మన్యూనత, ఒకరికి చైతన్య స్రవంతి, దయానిధికి ఈడిపస్, మరీ ఉదారులైతే పక్కన హామ్లెట్.

బుచ్చిబాబు, అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు, ఆంగ్లసాహిత్యం బోధించినవారు, తర్వాత ఆకాశవాణిలో పనిచేసినవారు, అన్నిటినీ మించి చిత్రకారులు. భార్య సుబ్బలక్ష్మి గారు కూడా రచయిత్రి, చిత్రకారిణి. ఈయన ఐరోపా మనస్తత్వశాస్త్రాన్ని చదివారనడంలో సందేహం లేదు. కానీ ఆ నవలను ఈసారి ఒక వైద్యుడిగా, మరో వైద్యుడి చరిత్రగా చదివాను. అవును, దయానిధి వైద్యుడు. ఆ సంగతినే మనం ఎప్పుడూ చివర గుర్తుచేసుకుంటాం. అతని వెంటబడినది తల్లి కాదు, తల్లిని గురించి లోకం అనుకునే మాట. అతను ఎక్కడికి వెళ్ళినా ఆ మాట ముందే అక్కడికి చేరుకుంటుంది. కోమలి, అమృతం, సుశీల, ఇందిర, ఒక్కొక్కరి ఎదుట అతను తడబడడానికి ఆ మాట నీడ కారణం. అతను రాయలసీమకు వెళ్ళినా, వజ్రం దొరికి సంపన్నుడైనా ఆ నీడ తొలగదు.

ఈ మనిషికి ఈడిపస్ అని చీటీ రాస్తే ఏమవుతుంది? దోషం కొడుకు అంతరంగానికి చేరుతుంది. గుసగుసలాడిన ఊరు, పెళ్ళిసంబంధాల వేళ కళ్ళు తిప్పుకున్న బంధువులు, ఒక స్త్రీ నడతను జీవితకాలం తూకం వేసిన సంఘం, అందరూ నిర్దోషులుగా విడుదలవుతారు. ఫ్రాయిడ్ 1897లో తిరిగిన మలుపునే మన విమర్శ తెలియకుండా తిరిగింది. బుచ్చిబాబు మాత్రం అలా తిరగలేదు. ఆయన దయానిధి లోపలికి ఎంత లోతుగా వెళ్ళారో, ఆ లోపల వినిపించే గొంతులు బయటివాళ్ళవేనని అంత స్పష్టంగా చూపించారు. చిత్రకారుడి కన్నుతో ఆయన వేసిన ప్రకృతి దృశ్యాలు కూడా అలంకారం కోసం వచ్చినవి కావు. మనుషుల తీర్పు లేని చోటు దయానిధికి ఆ చెట్లు, కొండలు, ఆకాశమే.

మన దేశంలో ఫ్రాయిడ్‌ను అందరికన్నా ముందు చదివినవారు కూడా పేర్లను కళ్ళు మూసుకుని స్వీకరించలేదు. 1922లో కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించిన గిరీంద్రశేఖర్ బోస్, తన రోగుల్లో ఈడిపస్ వ్యవహారం ఫ్రాయిడ్ చెప్పినట్లే కనబడడం లేదని సాక్షాత్తు ఫ్రాయిడ్‌కే రాశారు. గురువు అంగీకరించలేదు, బోస్ తన పరిశీలనను వదులుకోలేదు. పుస్తకంలోని పేరు కన్నా ఎదుట కూర్చున్న మనిషికి ఎక్కువ విలువ ఇవ్వడమంటే అదే.

నా వాదనకు ఒక అభ్యంతరం నేనే చెప్పుకోవాలి. పేరు లేకుండా వైద్యం సాగదు. గుండెపోటును గుండెపోటని సకాలంలో అనకపోతే మనిషి పోతాడు. విమర్శకూ పరిభాష అవసరమే. ‘చైతన్య స్రవంతి’ అన్న మాట లేకపోతే ‘అంపశయ్య’ ఎందుకు అలా రాయబడిందో కొత్త పాఠకుడికి చెప్పడం కష్టం. పేరు తలుపు మీద పలక లాంటిది. పలక చదివి లోపలికి వెళ్ళడం ఒకటి, పలక చదివి ఇల్లు చూశాననడం ఇంకొకటి. కాండెల్ పుస్తకం మీద నా అసంతృప్తి కూడా ఇక్కడే ఉంది. మొదటి భాగంలో ఆసుపత్రి, సాహితీగోష్ఠి, చిత్రశాల ఒకే వీధిలో ఉన్నట్లు జీవంతో చూపించిన రచయిత, చివరి భాగాల్లో షీలె గీసిన వంకరలు తిరిగిన చేతులకు, కొకోష్కా ముఖాలకు మెదడులో ఏ భాగం స్పందిస్తుందో చెప్పి తృప్తిపడతాడు. సమాచారం విలువైనదే. కానీ చీటీ మీద ఈడిపస్ స్థానంలో అమిగ్డలా అని రాసినంత మాత్రాన అది చీటీ కాకుండా పోదు.

ఇదంతా నాకు ఎందుకింత పట్టింపో చెప్పి ముగిస్తాను. వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను. కొన్నేళ్ళ క్రితం ఒక కార్మికుడు ఎడమ ఛాతీలో పట్టేసినట్లుందని అత్యవసర విభాగానికి వచ్చాడు. ఈసీజీ, రక్తపరీక్షలు సవ్యంగా ఉన్నాయి. పది రోజులకు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ సవ్యంగానే ఉన్నాయి. రెండుసార్లూ చూసింది నేనే. రెండవసారి ‘ఆందోళన’ అని రాసి పంపాను. తప్పు పేరేమీ కాదు. మూడవసారి తెల్లవారుజామున వచ్చాడు. విభాగం ఖాళీగా ఉంది. కాగితం మీద పేరు చూసి, “ఏ ఊరు నాయనా?” అని తెలుగులో అడిగాను. రెండుసార్లు అడగవలసింది అప్పుడు అడిగాను.

“శ్రీకాకుళం దగ్గర సార్” అన్నాడు. కాసేపటికి మిగిలినది వచ్చింది. తండ్రి చనిపోయాడు. ఇక్కడికి రావడానికి చేసిన అప్పు తీరలేదు, వెళితే తిరిగి రానిస్తారో లేదో తెలియదు. పెద్దకొడుకై ఉండి వెళ్ళలేదు. వసతిగృహం మెట్లమీద కూర్చుని, తమ్ముడు తలకొరివి పెట్టడం వీడియోలో చూశాడు. చూశాక ఫోను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అప్పటినుంచి జేబులో ఫోను అదిరినప్పుడల్లా ఛాతీ పట్టేస్తోంది. ఎడమ జేబు. నొప్పి ఎక్కడని రెండుసార్లు అడిగాను, వేలు పెట్టి చూపించాడు కూడా. ఆ వేలు కింద ఫోను ఉంది. నేను చూడలేదు.

రోగనామం మార్చలేదు. దాని కింద నాలుగు వాక్యాలు చేర్చాను, సాంత్వన చెప్పగల మనిషి దగ్గరకు పంపాను. నయమైందో లేదో నాకు తెలియదు. నాలుగవసారి మా దగ్గరకు రాలేదు. కానీ నేను మొదట రాసిన ఒక్క మాట, అప్పును, ఉద్యోగభయాన్ని, నా తొందరను అన్నిటినీ నిర్దోషులుగా వదిలేసి, భారమంతా వాడి ఛాతీలోనే పెట్టిందని ఆ ఉదయం అర్థమైంది. దయానిధికి మనం చేసింది అదే.

బుచ్చిబాబు కథ ఒకటుంది, ‘నన్ను గురించి కథ వ్రాయవూ?’ అని. కుముదం అనే అతి సామాన్యురాలు రచయితను అడిగే కోరికే ఆ కథకు పేరు. ఆమెలో రాయదగినదేమీ లేదని అతను అనుకుంటాడు. నా ఎదుట కుర్చీలో కూర్చునే ప్రతి మనిషీ ఏదో ఒక భాషలో అదే అడుగుతున్నాడని ఇప్పుడు అనిపిస్తుంది.

వచ్చే ఆదివారం ఆ కుర్రవాడికి నా ‘చివరకు మిగిలేది’ ప్రతిని ఇవ్వబోతున్నాను. లోపలి అట్టమీద విద్యార్థిదశలో నేను పెన్సిలుతో రాసుకున్న ‘ఈడిపస్’ అన్న మాట ఉంది. రబ్బరుతో తుడిచేశాను. జాడ కొంచెం మిగిలింది.